చలికాలపు పూలకు అసలు పరీక్ష వేసవే: ఏటా కొనక్కర్లేని మొక్కను ఎంచుకోవడం ఎలా?

నవంబర్ రాగానే నర్సరీల ముందు చామంతి కుండీలు బారులు తీరతాయి. నిండుగా పూసిన కుండీని ఇంటికి తెచ్చుకుంటాం. ఫిబ్రవరికి పూలు వాడిపోతాయి, ఏప్రిల్‌కు మొక్కే ఎండిపోతుంది. మళ్లీ నవంబర్‌లో మరో కుండీ. తమ చేతివాసి మంచిది కాదని చాలామంది సరిపెట్టుకుంటారు. నిజానికి చామంతి బహువార్షిక మొక్క. సరిగ్గా చూసుకుంటే ఏటా మొదలు నుంచి కొత్తగా చిగురిస్తుంది. అలా జరగాలంటే మొక్కను పూలను బట్టి కాకుండా, వేసవిని దాటే శక్తిని బట్టి ఎంచుకోవాలి.

‘హార్డీ’ అంటే ఎక్కడ?

తోటపనిపై ఇంగ్లిష్‌లో దొరికే సలహాల్లో చాలావరకు బ్రిటన్, అమెరికా వాతావరణానికి రాసినవే. అక్కడ ‘హార్డీ’ మొక్క అంటే గడ్డకట్టే చలిని తట్టుకునేది. అమెరికా వ్యవసాయ శాఖ జోన్ల మ్యాప్‌కు ఆధారం కూడా శీతాకాలపు అత్యల్ప ఉష్ణోగ్రతల సగటే.

తెలుగు రాష్ట్రాల్లో లెక్క వేరు. ఇక్కడ తోట మొక్కను చలి చంపడం అరుదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, వానాకాలంలో వేళ్ల దగ్గర నిలిచే నీరు చంపుతాయి. కాబట్టి లేబుల్ మీద ‘హార్డీ’ అని ఉన్నంత మాత్రాన మన పెరట్లో బతుకుతుందని కాదు.

పొద్దు తగ్గితే మొగ్గ

హైదరాబాద్‌లో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది. డిసెంబర్‌లో దాదాపు 11 గంటలకు తగ్గుతుంది. చామంతి ఈ మార్పును పసిగడుతుంది. రాత్రి నిడివి పెరిగేకొద్దీ ఆకులు వేయడం తగ్గించి మొగ్గ తొడుగుతుంది. పగటి నిడివికీ పూతకూ ఉన్న ఈ సంబంధాన్ని 1920లో అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ వివరించారు. పూతను ఆలస్యం చేయడానికి కొందరు చామంతి రైతులు రాత్రిపూట పొలంలో బల్బులు వెలిగించేది ఇందుకే. వీధి దీపం వెలుగు నేరుగా పడే బాల్కనీలో చామంతి సరిగా పూయకపోవడానికీ ఇదే కారణం కావచ్చు.

ఏవి నాటాలి?

చామంతి: కొనేటప్పుడు మొక్క మొదలు చూడండి. మట్టి దగ్గర కొత్త పిలకలు ఉంటే వచ్చే ఏడాదికీ ఆశ ఉన్నట్టే. పూత అయిపోయాక కాడలను జానెడు ఎత్తుకు కత్తిరించి, వేసవిలో మధ్యాహ్నపు ఎండ తగలని చోటికి మార్చాలి. జూన్, జులైలో పిలకలు విడదీసి నాటాలి. నెల తర్వాత చివర్లు తుంచితే గుబురుగా పెరుగుతుంది. ఆగస్టు దాటాక తుంచితే మొగ్గలు పోతాయి. ఇంత ఓపిక లేనివారికి తుంచే పని, కర్ర ఆసరా అక్కర్లేని పొట్టి రకాలను లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది.

డిసెంబరాలు: పేరులోనే పూత కాలం ఉంది. ఊదా, తెలుపు, గులాబీ రంగుల్లో దొరుకుతాయి. ఇది మన ప్రాంతపు వాతావరణానికి అలవాటు పడిన పొద. వేళ్లూనుకున్నాక తక్కువ నీటితోనే వేసవి గడుపుతుంది. పూత ముగిశాక కొమ్మలు కత్తిరిస్తే చాలు. వానాకాలంలో కొమ్మ గుచ్చినా నాటుకుంటుంది.

కనకాంబరం: దక్షిణ భారతం, శ్రీలంకల సొంత మొక్క. ఏడాదిలో ఎక్కువ కాలం పూస్తుంది. నీరు నిలిస్తే మాత్రం వేరు కుళ్లిపోతుంది.

బంతిని ఈ జాబితాలో చేర్చలేం. అది ఒక్క సీజన్ మొక్క, ఏటా విత్తుకోవాల్సిందే.

మొండితనమూ ప్రమాదమే

ఏ ఎండకైనా బతికే ప్రతి మొక్కా మంచిది కాదు. లాంటానాను 19వ శతాబ్ది ఆరంభంలో అలంకారం కోసమే భారత్‌కు తెచ్చారు. ఇప్పుడు అది అడవుల్లోకి పాకి స్థానిక మొక్కలను అణచివేస్తోంది. తోట దాటి వ్యాపించే మొక్కను ఎంత రంగుగా ఉన్నా వదిలేయాలి.

చలికాలపు రంగు కావాలంటే నర్సరీకి వెళ్లాల్సింది తొలకరి సమయంలో. అప్పుడు మొక్కల మీద పూలుండవు, ధర కూడా పూల కుండీ అంత ఉండదు. నవంబర్ నాటికి వేళ్లు మీ మట్టిలో కుదురుకుని ఉంటాయి. వచ్చే మే నెలను తట్టుకునే అవకాశం వాటికే ఎక్కువ.