ఒకే గోళీ అందరికీ ఒకేలా పనిచేయదు: మెడికల్ షాపులో మనం చెప్పాల్సినవి, అడగాల్సినవి

ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములకు ఒకే జబ్బు, ఒకే డాక్టర్, ఒకే మందు. ఒకరికి వారంలో నయమవుతుంది. ఇంకొకరికి గుణం కనిపించదు, లేదంటే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. "వాడి మిజాజ్ వేరు" అంటారు మన పెద్దలు. యూనానీ హకీములు కూడా మనిషి మిజాజ్ చూసే మందు ఇస్తారు. ఈ తేడాకు ఉన్న కారణాల్లో ఒకదాన్ని ఇప్పుడు రక్తపరీక్షలో చూడొచ్చు. అది మన జన్యువుల్లో ఉంటుంది. జన్యువులు, వయసు, కిడ్నీ, లివర్ పనితీరు, వాడుతున్న ఇతర మందులు అన్నీ చూసి మనిషికి తగ్గట్టు మందు ఎంచుకోవడాన్నే పర్సనలైజ్డ్ మెడిసిన్ అంటున్నారు.

లివర్‌లో ఏం జరుగుతుంది?

మనం మింగిన చాలా మందులను లివర్‌లోని ఎంజైములు మారుస్తాయి. కొందరిలో ఈ ఎంజైములు చురుగ్గా ఉంటాయి, కొందరిలో మందకొడిగా ఉంటాయి. ఈ తేడా చాలావరకు పుట్టుకతో వచ్చేదే. ఎంజైమ్ మందకొడిగా ఉంటే కొన్ని మందులు ఒంట్లోనే పేరుకుపోయి హాని చేస్తాయి. మరికొన్ని మందులు అసలు పనిచేయడమే మొదలుపెట్టవు.

గుండెలో స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ ఈ రెండో రకం. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా చూడటం దీని పని. కానీ లివర్‌లో 'సీవైపీ2సీ19' అనే ఎంజైమ్ మార్చితేనే దీనికి ఆ శక్తి వస్తుంది. ఆ ఎంజైమ్ సరిగా లేనివారికి రోజూ గోళీ వేసుకుంటున్నా పూర్తి రక్షణ ఉండదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే ఈ మందుపై అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. ఈ ఎంజైమ్ బలహీనంగా ఉండటం యూరప్ వాళ్లకంటే ఆసియా వాళ్లలో ఎక్కువ. మన భారతీయుల్లోనూ తక్కువేమీ కాదు. ఇలాంటి వారికి ప్రసుగ్రెల్, టికాగ్రెలార్ వంటి వేరే మందులున్నాయి. ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. గ్యాస్ కోసం చాలామంది చీటీ లేకుండానే తెచ్చుకునే ఓమెప్రజోల్ గోళీ కూడా ఇదే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఈ రెండూ కలిపి వాడొద్దని ఎఫ్‌డీఏ చెబుతోంది. పాంటోప్రజోల్‌తో ఈ ఇబ్బంది తక్కువ. అబ్బాకు స్టెంట్ వేసిన సంగతి చెప్పకుండా గ్యాస్ గోళీ అడిగితే, షాపాయన తెలియకుండానే తప్పు గోళీ ఇచ్చే ప్రమాదం ఉంది. ఆ సంగతి చెబితే, తెలిసిన ఫార్మసిస్ట్ అక్కడికక్కడే ఆపగలరు.

మన ఇళ్లకు దగ్గరి విషయాలు

జీ6పీడీ లోపం: ఈ ఎంజైమ్ తక్కువగా ఉన్నవారికి మలేరియాలో ఇచ్చే ప్రైమాక్విన్ వేస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మూత్రం ముదురు రంగుకు మారుతుంది, కళ్లు పచ్చబడతాయి, ఆయాసం వస్తుంది. ఈ లోపం తల్లి నుంచి కొడుకులకు వస్తుంది, అందుకే మగపిల్లల్లో ఎక్కువ. అమ్మీ వైపు మామూకి ఇది ఉందని తెలిస్తే పిల్లల విషయంలో ఆ మాట డాక్టర్‌కు చెప్పాలి. దీనికి మామూలు రక్తపరీక్ష సరిపోతుంది.

ఫిట్స్ మందు కార్బమాజెపిన్: హెచ్‌ఎల్‌ఏ-బీ 15:02 అనే జన్యువు ఉన్న కొందరిలో ఇది ప్రాణం మీదకు తెస్తుంది. చర్మం పొక్కి ఊడిపోతుంది, నోరు, కళ్లు పుండ్లు పడతాయి. ఆసియా మూలాలున్న వారికి ఈ మందు మొదలుపెట్టే ముందు జన్యు పరీక్ష చేయాలని ఎఫ్‌డీఏ 2007లో సూచించింది. ఈ గోళీ మొదలుపెట్టిన కొత్తలో జ్వరంతో దద్దుర్లు వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఆపరేషన్ మత్తు: మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాలే. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ లేనివారు గంటల తరబడి కదల్లేరు, సొంతంగా శ్వాస తీసుకోలేరు. దక్షిణాదిలోని వైశ్య సమాజంలో ఈ లోపం ఎక్కువగా ఉందని పరిశోధకులు గుర్తించారు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే ఏ సమూహంలోనైనా ఇలాంటివి నిలిచిపోతాయి. చాచా పిల్లలు, ఖాలా పిల్లల మధ్య నికాహ్‌లు జరిగే మన కుటుంబాలకూ ఇది వర్తిస్తుంది. తల్లిదండ్రులు ఇద్దరి నుంచీ ఒకే లోపం బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మత్తు దిగడం, శ్వాస అందడం కష్టమైతే, ఆ విషయం అందరికీ తెలియాలి.

ఫార్మసిస్టులకు ఇది ఎంత తెలుసు?

ఎన్నో దేశాల్లో ఫార్మసిస్టులను అడిగి చేసిన సర్వేల్లో దాదాపు ఒకే జవాబు వచ్చింది: ఆసక్తి చాలా ఉంది, అవగాహన మాత్రం తక్కువ. మన దగ్గర పరిస్థితి ఇంకా కష్టం. రెండేళ్ల డి.ఫార్మసీ చేసిన వారే చాలా షాపులు నడుపుతున్నారు. కొన్నిచోట్ల కౌంటర్‌లో సహాయకులే ఉంటారు. 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌.డి కోర్సు చదివిన వారికి పేషెంట్‌తో మాట్లాడటం, మందుల పొత్తు చూడటం నేర్పుతారు. కానీ గల్లీ షాపుల్లో వాళ్లు కనిపించడం అరుదు.

నెదర్లాండ్స్‌లో మాత్రం ఫార్మసిస్టుల సంఘమే 2005లో ఈ పని నెత్తికెత్తుకుంది. ఏ జన్యువు ఉంటే ఏ మందు డోసు ఎంత మార్చాలో సూచనలు తయారుచేసి షాపు కంప్యూటర్లలోకి ఎక్కించింది. పేషెంట్ జన్యు వివరాలు నమోదై ఉంటే, సరిపడని మందు రాగానే హెచ్చరిక వస్తుంది. యూరప్‌లోని 7 దేశాల్లో సుమారు 7,000 మందిపై చేసిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది. 12 జన్యువులు చూసి మందు ఇచ్చినప్పుడు దుష్ప్రభావాలు దాదాపు 30 శాతం తగ్గాయని అందులో తేలింది.

ఇప్పుడే మనం చేయగలిగినవి

జన్యు పరీక్షకు రక్తం గానీ లాలాజలం గానీ చాలు. మన దేశంలో ప్రైవేటు ల్యాబుల్లో చేస్తున్నారు, ఖర్చు మాత్రం వేలల్లో ఉంటుంది. అందరికీ అవసరం లేదు. అవసరమా కాదా అన్నది డాక్టర్‌ను అడగండి. ఒకసారి చేయించిన రిపోర్టు జీవితాంతం పనికొస్తుంది, పారేయొద్దు.

పైసా ఖర్చు లేని పనులు కూడా ఉన్నాయి. ఇంట్లో ప్రతి ఒక్కరి పేరుతో ఒక కాగితం పెట్టండి. వాడుతున్న మందులు, గతంలో పడని మందులు, ఏం జరిగిందో అందులో రాయండి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో కూడా దాని ఫోటో ఉంచండి. వీలైనంత వరకు ఒకే షాపులో, క్వాలిఫైడ్ ఫార్మసిస్ట్ ఉన్నచోట కొనండి. కొత్త మందు తీసుకునేటప్పుడు ఇలా అడగండి: "భాయ్, ఈ పాత మందులతో ఇది పడుతుందా? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి?"

ఒక్క జాగ్రత్త. ఇది చదివి ఎవరూ మందు మానేయొద్దు. ముఖ్యంగా స్టెంట్ ఉన్నవారు క్లోపిడోగ్రెల్ సొంతంగా ఆపితే గుండెపోటు రావొచ్చు. అనుమానం ఉంటే మందు కొనసాగిస్తూనే, కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.