చిన్న బండి... పెద్ద గుండె!

తెర మీద కారు ఛేజింగ్ మొదలయిందంటే చాలు, హాల్లో ఎవరూ కుర్చీలో కుదురుగా కూర్చోరు. ముందు వరస నుంచి బాల్కనీ దాకా ఈలలే ఈలలు! హీరో కారు మలుపు తిరుగుతుంటే మన ఒళ్ళు కూడా అటే ఒరిగిపోతుంది. ఔనా, కాదా?

అలాంటి ఒక సీనులో బీఎండబ్ల్యూ కారుది పాపం ఎక్స్‌ట్రా వేషం! 1983లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం 'ఆక్టోపస్సీ' సంగతి. ఉదయపూర్‌లో కొంత తీశారు, మన విజయ్ అమృతరాజ్ కూడా అందులో నటించాడు. జర్మనీ సీన్లలో బాండ్ ఆల్ఫా రోమియో కారులో దూసుకుపోతుంటే, వెంటపడి ఓడిపోయే పోలీసుల బండ్లు బీఎండబ్ల్యూలు. పన్నెండేళ్ళు తిరిగేసరికి, 1995లో 'గోల్డెన్ ఐ'తో, అదే కంపెనీ కారు బాండ్‌గారి సొంత కారయింది. 1997లో 'టుమారో నెవర్ డైస్'లోనైతే హీరో వెనక సీట్లో దాక్కుని, చేతిలో ఫోను పట్టుకుని కారు నడిపేశాడు! ఎక్స్‌ట్రాగా వచ్చి హీరో అయిన కథలు మనకేమీ కొత్త కాదు గదా.

కానీ ఈ వారం మనం చెప్పుకునేది తెర మీది తళుకు కార్ల కథ కాదు. ముప్ఫై, నలభై, యాభై ఏళ్ళ పాత బీఎండబ్ల్యూలను కొని, విప్పి, బిగించి, మార్చి, పందేల్లో పరుగెత్తించే వాళ్ళ కథ. ప్రపంచమంతటా ఉన్నారు వీళ్ళు. చుట్టుపక్కల వాళ్ళు 'పిచ్చోళ్ళు' అంటారు. వీళ్ళు నవ్వేసి మళ్ళీ బండి కిందికి దూరతారు.

ఇంతకీ ఈ పిచ్చి ఎక్కడ మొదలయింది? వింటే ఆశ్చర్యపోతారు. కంపెనీలోనే!

ఒకరికి తెలియకుండా ఒకరు

1966లో బీఎండబ్ల్యూ 1600 అనే రెండు తలుపుల బుల్లి కారు వచ్చింది. 85 హార్స్‌పవర్. ముచ్చటయిన బండే. అయితే కంపెనీలోని ఇద్దరు పెద్దమనుషులకు అది ఆనలేదు. ఒకాయన ఇంజన్లు తయారుచేసే అలెక్స్ ఫన్ ఫాల్కెన్‌హౌజెన్. రెండో ఆయన ఏ కారు ఎలా ఉండాలో ప్లాను వేసే హెల్మూట్ వెర్నర్ బోన్ష్. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు, తమ సొంత 1600లో పెద్ద కార్లకు పెట్టే రెండు లీటర్ల ఇంజను బిగించేసుకున్నారు! ఇద్దరి బండ్లూ ఒకేసారి వర్క్‌షాపులో కనిపించేసరికి గుట్టు రట్టయింది. చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ములు చివరి రీల్లో పుట్టుమచ్చ చూసుకుని కౌగిలించుకున్నట్టుంది కదూ!

ఇద్దరూ కలిసి వెళ్ళి కంపెనీ పెద్దలను ఒప్పించారు. అమెరికాలో ఆ కార్లు అమ్మే మాక్స్ హాఫ్‌మన్ కూడా 'జోరయిన బండి ఇవ్వండి' అని వాళ్ళ ప్రాణం తోడేస్తున్నాడు. అలా 1968లో పుట్టిందే '2002'. అది సంవత్సరం కాదండోయ్, మోడల్ పేరు! 100 హార్స్‌పవర్, బరువు టన్నుకి లోపు. నలుగురు కూర్చోవచ్చు, డిక్కీలో సామాను పెట్టుకోవచ్చు. వారమంతా ఆఫీసుకి వెళ్ళి, ఆదివారం అదే బండితో పందేనికి వెళ్ళొచ్చు. మరుసటి ఏడాది, 1969లో, అమెరికాలోని బోస్టన్‌లో అభిమానులు ఒక సంఘమే పెట్టేశారు. మన హీరోల అభిమాన సంఘాల్లాంటిదే! అది నేటికీ నడుస్తోంది.

చిన్న బండిలో పెద్ద ఇంజను. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అద్దంలో అక్షరాలు

1973లో అదే 2002కి టర్బో తగిలించారు. 170 హార్స్‌పవర్! ముందు బంపరు కింద దాని పేరు తలకిందులుగా కాదు, కుడిఎడమగా రాశారు. ఎందుకో తెలుసా? ముందు పోయేవాడు తన అద్దంలో చూసుకుంటే అక్షరాలు సరిగ్గా కనిపించాలని. అంటే 'తప్పుకోవోయ్, వస్తున్నా' అని! ఎంత పొగరో చూడండి. కానీ టైము బాగాలేదు. ఆ ఏడాదే అరబ్బు దేశాల చమురు సంక్షోభం వచ్చిపడింది. పెట్రోలుకి కటకటలాడుతుంటే ఈ డాబేమిటని అందరూ దుమ్మెత్తిపోశారు. 1,672 బండ్లతో ఆట కట్టయింది. ఫ్లాపయిన ఆ సినిమా ప్రింటు కోసమే ఇవ్వాళ అభిమానులు భూమంతా గాలిస్తున్నారు!

అదే ఏడాది మరో తమాషా. 3.0 సీఎస్ఎల్ అనే పందెం కారుకి వెనక పెద్ద రెక్క అమర్చారు. 'బ్యాట్‌మొబైల్' అని ముద్దుపేరు కూడా వచ్చింది. ఆ రెక్కతో జర్మనీ రోడ్ల మీద తిరగడానికి చట్టం ఒప్పుకోదు. మరేం చేశారు? రెక్కను విడిగా డిక్కీలో పెట్టి కారు అమ్మారు! కొన్నవాడు ఇంటికి తీసుకెళ్ళి తనే బిగించుకోవాలి. అంటే అభిమాని చేతికి స్పానర్ ఇచ్చింది సాక్షాత్తూ కంపెనీయే అన్నమాట.

అరిగిన ఇంజనే చాంపియన్!

ఇప్పుడు 1983కి వద్దాం. తెర మీద బాండ్ చేతిలో బీఎండబ్ల్యూలు ఓడిపోయిన ఏడాది గుర్తుందిగా? సరిగ్గా అదే ఏడాది రేస్ ట్రాకు మీద ఏం జరిగిందో వినండి. నెల్సన్ పికే బ్రాభమ్ కారులో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ కారులో ఉన్నది బీఎండబ్ల్యూ టర్బో ఇంజను. టర్బోతో ఆ కిరీటం గెలవడం అదే మొదటిసారి. ఆ ఇంజనుకి మూలం ఫాల్కెన్‌హౌజెన్ 1960లలో మామూలు కార్ల కోసం గీసిన నాలుగు సిలిండర్ల ఇంజనే!

ఇంకో విశేషం. ఆ రేసు ఇంజన్లు కట్టిన పాల్ రోషే బృందం మొదట్లో కొత్త బ్లాకులు వాడలేదు. రోడ్ల మీద వేల కిలోమీటర్లు తిరిగిన పాత కార్ల నుంచి తీసిన బ్లాకులు ఏరుకుంది. వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కి, ఆ ఇనుములో ఉన్న లోపలి ఒత్తిళ్ళన్నీ సర్దుకుని ఉంటాయట. పాతది పనికిరాదనేవాళ్ళకు ఇంతకన్నా జవాబేం కావాలి?

ఈ రోషేగారే 1986లో రోడ్డెక్కిన 'ఎం3' ఇంజనుకి కూడా కర్త. మొదటి నమూనా రెండు వారాల్లో తయారయిందంటారు. ఎలాగంటే, 'ఎం1' అనే కారు ఆరు సిలిండర్ల ఇంజను తలకాయ తీసుకుని, రెండు సిలిండర్ల మేర కోసేసి, కోసినచోట రేకు వేసి మూసి, నాలుగు సిలిండర్ల మీద కూర్చోబెట్టేశారు! మన వీధి చివరి షెడ్డులో చేసే పనిలా లేదూ? పందేనికి అర్హత రావాలంటే 12 నెలల్లో 5,000 కార్లు తయారుచేయాలని రూలు. అందుకని పందెం కారునే జనానికి అమ్మారు. 1987లో దాంతోనే రొబెర్టో రవాల్యా టూరింగ్ కార్ల ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

గుషేషే వచ్చిందహో!

ఇక్కడ చిన్న చిక్కు. ఆ ఎం3ని ఎడమ స్టీరింగుతోనే చేశారు. కుడి స్టీరింగు ఉన్న దక్షిణాఫ్రికా లాంటి దేశాలకు మొండిచెయ్యే! కానీ ఆ దేశంలో, ప్రిటోరియా దగ్గర రాస్లిన్‌లో, 1973 నుంచి కంపెనీకి సొంత ఫ్యాక్టరీ ఉంది. అక్కడివాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చిన్న 3 సిరీస్ కారులో పెద్ద కార్లకు పెట్టే 3.2 లీటర్ల ఇంజను కుక్కి '333ఐ' అని తమ సొంత బండి కట్టుకున్నారు. ఇంజను ఎంత ఇరుకుగా పట్టిందంటే, కొనేవాడు ఏసీ అయినా కోరుకోవాలి, పవర్ స్టీరింగయినా కోరుకోవాలి. రెండింటికీ చోటు లేదు! తర్వాత '325ఐఎస్' వచ్చింది. ఒపెల్ కడెట్‌తో దాని పోటీ అంటే అక్కడి ప్రేక్షకులకు పండగే. మన ఇద్దరు పెద్ద హీరోల సినిమాలు ఒకేరోజు రిలీజయినట్టు!

ఆ 3 సిరీస్ బండికే నల్లవారి బస్తీల్లో కుర్రాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు 'గుషేషే'. వర్ణవివక్ష రాజ్యమేలుతున్న రోజులవి. నల్లవాళ్ళు ఊరికి దూరంగా సొవెటో లాంటి బస్తీల్లోనే ఉండాలని శాసనం. 1980ల చివర్లో అక్కడి దాదాలు ఈ కార్లు దొంగిలించేవారు. తమవాడు చనిపోతే శవయాత్రలో కారుని గుండ్రంగా, పొగలు చిమ్ముతూ, టైర్లు పగిలేదాకా తిప్పేవారు. పోయినవాడికి అదే వీడ్కోలు, అదే డప్పు.

మరి ఈ బండే ఎందుకు? ఇంజను ముందు, తోపు వెనక చక్రాలకు, బరువు తక్కువ. యాక్సిలరేటర్ తొక్కితే వెనక భాగం బొంగరంలా తిరుగుతుంది. మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగడానికి ఉండే డిఫరెన్షియల్‌ను వెల్డింగు చేసి బిగించేస్తారు. అప్పుడు రెండు చక్రాలూ ఒక్కటిగా జారతాయి. కారు దానంతటది గిరగిరా తిరుగుతుంటే డ్రైవరు కిటికీలోంచి బయటికొచ్చి డాన్సు చేస్తాడు! డూపు లేదు, ట్రిక్ షాట్ లేదు.

కాలం మారింది. 1994లో అందరికీ ఓటు వచ్చింది. దొంగ కార్ల ఆట మెల్లగా వీధులొదిలి ప్రహరీ గోడల మధ్యకొచ్చింది. 2014లో దాన్ని మోటారు క్రీడగా గుర్తించారు. జొహానెస్‌బర్గ్ పక్కన ఎల్డొరాడో పార్క్ నుంచి వచ్చిన స్టేసీ లీ మే అనే అమ్మాయి లా చదువుకుంటూనే ఎర్ర బీఎండబ్ల్యూ తిప్పి 'పొగల మహారాణి' అనిపించుకుంది. శవయాత్రల ఆట ఒక ఆడపిల్ల చేతిలో చప్పట్ల ఆటయింది. చట్టాన్ని ధిక్కరించిన కుర్రాళ్ళు ఇవ్వాళ టిక్కెట్టు పెట్టి, హెల్మెట్టు పెట్టి, అంబులెన్సు పక్కన పెట్టుకుని ఆడుతున్నారు. పాత బండి చేసిన కొత్త మేలు ఇది.

కొనేముందు కిందికి దూరు!

ఈ బండ్లు కొనడం పెళ్ళిచూపుల్లాంటిది. పైన రంగు చూసి మోసపోకూడదు. 2002 అయితే డిక్కీ తెరిచి స్టెప్నీ ఉండే గుంత, వెనక షాక్ అబ్జార్బర్లు బిగించిన చోటు తడిమి చూడాలి. తుప్పు అక్కడే కాపురం పెడుతుంది. 1980ల 325ఐ అయితే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారని అడగాలి. రబ్బరు బెల్టు అది. తెగిందా, వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజను షెడ్డుకే! మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక చక్రాలు జారిపోతాయి. అందుకే అనుభవజ్ఞులు ముందు బ్రేకులు, టైర్లు, బుష్షులు బాగుచేయించి, పవర్ పెంచడం ఆఖర్న పెట్టుకోమంటారు. అమెరికాలో 'స్పెక్ ఈ30' అనే పందెం ఉంది. అందరిదీ ఒకే మోడలు, ఒకే రకం మార్పులు. డబ్బున్నవాడు కాదు, నడపడం వచ్చినవాడు గెలవాలని ఆ ఏర్పాటు.

కానీ ఇప్పుడు ఈ అభిమానులకు కొత్త విలన్ దాపురించాడు. వాడి పేరు ధర! మంచి కండిషన్లో ఉన్న ఎం3లు వేలంపాటల్లో లక్ష డాలర్లు దాటి పోయిన సందర్భాలున్నాయి. ఒక స్పానర్ తిప్పడానికి కూడా భయమేస్తుంది. 'అసలు రూపం చెడగొట్టకు, విలువ పోతుంది' అంటారు ఒక వర్గం వారు. 'తిప్పని బండి బండే కాదు, బొమ్మ' అంటారు ఇంకో వర్గం. ఇద్దరిదీ ప్రేమే. కానీ ఆనాడు ఫాల్కెన్‌హౌజెన్, బోన్ష్‌లు కూడా 'అసలు రూపం చెడుతుంది' అనుకుని ఊరుకుంటే ఈ కథే లేదు గదా! అరుదయినవాటిని భద్రంగా దాచుకోవలసిందే, కాదనం. మిగతావన్నీ కూడా అద్దాల గదుల్లోకి వెళ్ళిపోతే, రేపు వీటిని విప్పడం తెలిసిన చేతులే మిగలవు.

మన దేశంలో బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ 2007లో చెన్నై దగ్గర మొదలయింది. అంతకు ముందు మనవాళ్ళలో చాలామంది ఆ బండిని తెర మీద చూసి మురిసిపోయినవాళ్ళే. అయితే ఆ పిచ్చి మాత్రం మనకూ పాతదే! మద్రాసు పక్కన షోలవరంలో, యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద, ఫియట్లు, హెరాల్డులు, అంబాసిడర్లు ఇంజన్లు మార్చుకుని ఉరికిన రోజులున్నాయి. బండి ఏదయితేనేం, చేతికి అంటిన గ్రీజు ఒకటే.

చివరగా కుర్రకారుకి ఒక్క మాట. తెర మీది ఛేజింగ్‌లో కారు బోల్తా పడితే హీరో దులుపుకుని లేస్తాడు. 1998లో వచ్చిన 'రోనిన్' చిత్రంలో పారిస్ ఛేజింగ్ చూసి రాబర్ట్ డినీరోయే నడిపాడనుకున్నాం. నిజానికి కుడివైపు అసలు స్టీరింగు పట్టుకుని స్టంటు డ్రైవరు నడుపుతుంటే, ఎడమవైపు ఉత్తుత్తి స్టీరింగు తిప్పుతూ హీరో నటించాడు! అదీ సంగతి. మన ఊరి రోడ్డు మీద అలాంటి రెండో స్టీరింగు ఉండదు. తిప్పాలనుంటే ట్రాకుకెళ్ళండి, హెల్మెట్టు పెట్టుకోండి, గురువు దగ్గర నేర్చుకోండి.

లేదూ, ఇంట్లో మూలపడిన తాతగారి పాత బండి ఉందా? ఈ ఆదివారం మ్యాట్నీ మానేసి, ఒకసారి బానెట్టు ఎత్తి చూడండి!