బాలుర చేతిలో వాహనము – తల్లిదండ్రుల న్యాయబాధ్యత

కుమారుడు కలిగించిన నష్టమునకు తండ్రి బాధ్యుడగునా అను ప్రశ్నకు మన న్యాయస్థానములు చాలకాలము ‘కాదు’ అనియే చెప్పుచు వచ్చినవి. ఆంగ్ల న్యాయమునుండి మనకు సంక్రమించిన సూత్రము ప్రకారము, కేవలము కన్నందువలన తండ్రి పూచీపడడు. తన అజాగ్రత్త యున్నప్పుడు గాని, బిడ్డ తన పనిమీద పోయినప్పుడు గాని మాత్రమే పూచీపడును. ఇస్లామీయ ధర్మశాస్త్రము మరియొక దారి త్రొక్కినది. హనఫీ న్యాయవేత్తల మతమున బాలుడు బుద్ధిపూర్వకముగ చేసిన హత్యయు పొరపాటున జరిగినదానితో సమానమే. ఆ ప్రాణమునకు చెల్లింపవలసిన ‘దియత్’ ధనమును ‘ఆఖిలా’ అనబడు పితృపక్ష బంధువర్గము భరించును. బాలుని శిక్షింపరాదు, కాని మృతుని కుటుంబము వట్టిచేతులతో మిగులరాదు. నేటి మోటారు వాహనముల చట్టము మెల్లమెల్లగా ఈ రెండవ ఆలోచనకు దగ్గరగుచున్నదని మాకు తోచుచున్నది.

కోటనుండి వాకాడు పోవు దారిలో ఉదయమున కొంతసేపు నిలిచి చూచినచో ఈ విషయము పుస్తకములకు మాత్రమే సంబంధించినది కాదని తెలియును. మీసము మొలవని పిల్లలు ముగ్గురేసి ఒక్క బండిపై బడికి పోవుచుందురు. రొయ్యల గుంటల వద్దనున్న తండ్రికి అన్నము క్యారియరు తీసికొనిపోవు బాలుడును కానవచ్చును. ఈ కడపటివాడు తండ్రి పనిమీద పోవుచున్నాడు గనుక, పాత సూత్రము ప్రకారమైనను తండ్రి తప్పించుకొనలేడు.

1989 జూలై 1 నుండి అమలులోనున్న 1988 నాటి చట్టము 18 ఏండ్లు నిండనిదే బహిరంగ స్థలమున మోటారు వాహనము నడపరాదనుచున్నది. 16 ఏండ్లకు నడపదగినది 50 సీసీ మించని మోటారు సైకిలు మాత్రమే, అదియు లైసెన్సుతోనే. ‘గేరు లేని బండికి లైసెన్సు అక్కరలేదు’ అను మాట మన ప్రాంతమున బాగుగ వ్యాపించియున్నది. అది శుద్ధ అబద్ధము. మన పిల్లలు నడుపు పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నియు 100 సీసీకి పైబడినవే. లైసెన్సు లేనివానికి బండి నిచ్చిన యజమానికి శిక్ష ఆ చట్టమున మొదటినుండియు కలదు. 2018లో హైదరాబాదున పిల్లలకు వాహనములిచ్చిన కొందరు తండ్రులను న్యాయస్థానము జైలుకు పంపినది.

2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ఇంతకంటె చాల దూరము పోయినది. 199-ఏ సెక్షను ప్రకారము మైనరు వాహనముతో నేరము చేసినచో సంరక్షకుడు గాని వాహన యజమాని గాని నేరస్థుడుగ ఎంచబడును. 3 సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలలపాటు బండి రిజిస్ట్రేషను రద్దు. బాలునికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు రాదు. చదువు ముగించి ఉద్యోగమునకు పోవు వయస్సంతయు దానిలోనే గడచిపోవును.

ఇందులో మనము ముఖ్యముగ గమనింపవలసినది శిక్షల పరిమాణము కాదు. బాలుడు బండి తీసినది పెద్దల సమ్మతితోనే యని న్యాయస్థానము ముందుగనే ఊహించుకొనును. తనకు తెలియకుండ జరిగినదనియో, తగిన జాగ్రత్తలన్నియు తీసికొంటిననియో ఋజువు చేసికొనవలసిన భారము పెద్దలదే. తండ్రి కువైటులో నుండి పంపిన డబ్బుతో బండి కొని, తల్లి పేర రిజిస్టరు చేయించిన ఇండ్లు మన ప్రాంతమున నెన్నియో కలవు. అట్టి ఇంట ఆ ఋజువు చూపవలసినది బండి నడుపుట కూడ తెలియని ఆ తల్లి. రోజూ కండ్లయెదుటనే బండిపై కళాశాలకు పోవు బిడ్డను గూర్చి ‘నాకు తెలియదు’ అని ఆమె యెట్లు చెప్పగలదు?

2024 మే 19న పూణేలో 17 ఏండ్ల బాలుడు నడిపిన కారు ఇద్దరు యువ ఇంజనీర్ల ప్రాణములు తీసినప్పుడు, 300 మాటల వ్యాసము వ్రాయవలెనని షరతు పెట్టి బాలునికి బెయిలు ఇచ్చిరి. వ్యాసములు వ్రాయించుటయే వృత్తిగా గల మాబోంట్లకు ఆ షరతు వింతగానే తోచినది. ఆ కేసున తండ్రి మాత్రము అరెస్టయినాడు.

జైలు మాట అటుంచి, కుటుంబమును నిలువున ముంచునది నష్టపరిహారము. ‘ఇన్సూరెన్సు కట్టినాము గదా’ అని చాలమంది ధీమాగ నుందురు. లైసెన్సు లేనివానికి తెలిసియు బండి నిచ్చుట పాలసీ షరతును ఉల్లంఘించుటయే. అట్టి సందర్భములలో కంపెనీ బాధితునికి ముందు సొమ్ము చెల్లించి, పిమ్మట దానిని యజమాని వద్ద రాబట్టుకొనవచ్చునని సుప్రీంకోర్టు 2004లో నిర్ణయించినది. బాధితునికి ఇది న్యాయమే. యజమానికి మాత్రము పొలమో ఇల్లో జప్తునకు వచ్చును.

2011లో అదే న్యాయస్థానమునకు వచ్చిన ఒక కేసులో, తన బంధువుల బాలుడు తనకు తెలియకుండ తాళపుచెవి తీసికొనిపోయెనని యజమాని వాదించెను. ఆ మాట చెల్లలేదు. లైసెన్సు లేని మైనరు చేతిలో తన బండి పడకుండ చూచుకొనుట యజమాని పనియేనని తీర్పు వచ్చినది. ఆ యజమాని బాలునికి తండ్రి కాడు. 2018లో వచ్చిన మరియొక తీర్పు ప్రకారము, బండి నమ్మివేసినను రిజిస్టరులో పేరు మారనంతవరకు పరిహారపు బాధ్యత పాత యజమానిదే. గల్ఫులోనున్న అన్నగారి పేర బండి నడుపుకొనుచున్నవారును, అమ్మిన బండికి పేరు మార్పింపని వారును మనలో కొందరు లేకపోలేదు. వారు ఒకసారి తమ ఆర్సీ పుస్తకము తీసి చూచుకొనవలసియున్నది.