ఫ్రీజర్‌లోని చికెన్: కరిగించేటప్పుడే అసలు జాగ్రత్త

రాత్రి వంట కోసం పొద్దున్నే ఫ్రీజర్‌లోంచి చికెన్ ప్యాకెట్ తీసి, వంటగట్టు మీద పెట్టి పనికి వెళ్లిపోవడం చాలా ఇళ్లలో అలవాటు. సాయంత్రానికి మాంసం మెత్తబడి వంటకు సిద్ధంగా కనిపిస్తుంది. అయితే ఆ కొన్ని గంటల్లో, అప్పటిదాకా నిద్రాణంగా ఉన్న సూక్ష్మజీవులు కూడా మేల్కొంటాయి.

చలికి చావవు

మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద బాక్టీరియా పెరుగుదల ఆగిపోతుంది. కానీ పచ్చి కోడిమాంసంపై ఉండే సాల్మొనెల్లా వంటివి పూర్తిగా నశించవు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రతను ఆహారానికి ప్రమాదకరమైనదిగా పరిగణిస్తారు. అనుకూలమైన వెచ్చదనంలో కొన్ని రకాల బాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన 3 గంటల్లో ఒక్కటి 512 అవుతుంది. ఎండాకాలంలో మన వంటిళ్లలో ఉండే వేడి వాటికి బాగా అనుకూలం.

పైన వెచ్చన, లోపల మంచు

0 డిగ్రీల నీటిని సుమారు 80 డిగ్రీలకు వేడిచేయడానికి ఎంత ఉష్ణం కావాలో, అంతే బరువున్న మంచును నీరుగా మార్చడానికే అంత ఉష్ణం కావాలి. పైగా మంచుతో పోలిస్తే నీటి ఉష్ణవాహకత దాదాపు నాలుగో వంతే. అందుకే ముందుగా కరిగిన పైపొర, లోపలికి వేడి చేరకుండా అడ్డుపడుతుంది. ముక్క మధ్యలో ఇంకా గడ్డగానే ఉండగా, పైభాగం గంటల తరబడి గది వేడిలో నానుతుంది. బాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ పైభాగం మీదే.

'ఎలాగూ ఉడికిస్తాం కదా' అనుకోవడం పొరపాటు. బాగా ఉడికిస్తే సాల్మొనెల్లా చనిపోతుంది. కానీ స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా విడుదల చేసే విషపదార్థం ఉడికించినా పోదు.

సురక్షితమైన పద్ధతులు

• ఫ్రిజ్‌లో: ఇదే అన్నిటికన్నా మేలు. ముందురోజే ప్యాకెట్‌ను లోతైన గిన్నెలో పెట్టి, 5 డిగ్రీలకు మించని ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచాలి. కారిన నీరు కూరగాయలపై పడదు. సుమారు 2 కిలోల కోడికి 24 గంటలు పడుతుంది. కరిగాక ఒకటి రెండు రోజుల్లో వండేయాలి.

• చల్లటి నీటిలో: నీరు చొరబడని సంచిలో కట్టి ముంచాలి. ప్రతి 30 నిమిషాలకు నీరు మార్చాలి. అర కిలో ప్యాకెట్ దాదాపు గంటలో కరుగుతుంది. వెంటనే వండాలి.

• మైక్రోవేవ్‌లో: కొన్నిచోట్ల మాంసం వేడెక్కిపోతుంది కాబట్టి ఆలస్యం చేయకుండా వండాలి.

వేడినీటిలో వేయడం, ఎండలో పెట్టడం మంచిది కాదు. పసుపు, ఉప్పు పట్టించి నానబెట్టినా ఆ గిన్నె ఫ్రిజ్‌లోనే ఉండాలి. పచ్చి చికెన్‌ను కుళాయి కింద కడిగితే తుంపరలతో బాక్టీరియా సింక్, గిన్నెలు, పక్కనున్న కూరగాయల మీదికి చేరుతుంది. ముట్టుకున్న చేతులు, కత్తి, కోసిన పీట సబ్బుతో కడగాలి. ముక్క మధ్యభాగం 74 డిగ్రీలకు చేరేదాకా ఉడికించాలి.

ఫ్రిజ్‌లో కరిగిన చికెన్‌ను వండకపోతే తిరిగి ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. రుచి కాస్త తగ్గుతుందంతే. గది వేడిలో 2 గంటలకు మించి ఉన్న మాంసాన్ని మాత్రం పారేయడమే మేలు. వాసన బాగానే ఉందని నమ్మడానికి లేదు. జబ్బు చేసే బాక్టీరియా ఉన్నంత మాత్రాన మాంసం వాసన మారదు.