నేతగాని నరములు

హైదరాబాదునుండి కర్నూలునకు సాగు జాతీయరహదారిపై, వనపర్తి జిల్లాలోనున్న కొత్తకోట పేరు వినినంతనే, చీరల నెఱిగినవారికి మగ్గములు స్మృతికి వచ్చును. గద్వాల, అమరచింతలతో గూడి యీ సీమ నేతకు గడించిన కీర్తి పెద్దది. చీర యంచును వ్రేళ్ల నడుమ నుంచుకొని మెచ్చుకొనువారు పెక్కురు; దానిని నేయువాని వెన్నుపాములో, చిన్నమెదడులో ఆ వేళ నేమి జరుగునో విచారించువారు అరుదు. నేతను చేతిపని యనుట లోకమున వాడుక. నా తలంపున నది సమస్త నాడీమండలము చేయు పని. చేయి యందు కడపటి పనిముట్టు మాత్రమే.

గుంతమగ్గమున గూర్చున్నవాని పాదములను మొదట చూడవలెను. ఒక పాదము తొక్కుడుచెక్కను నొక్కగానే పడుగు రెండుగా విచ్చుకొనును. ఆ సందున నాడె సాగిపోవును. అచ్చు వచ్చి పేకను బిగించును. అంతలో రెండవ పాదము తన వంతు నందుకొనును. కాలిని చాచు కండరములు బిగియునపుడు ముడుచు కండరములు సడలకున్నచో ఆ కాలు కొయ్యవలె బిగుసుకొనిపోవును. ఈ పొందికకు మెదడు ప్రతిసారి యాజ్ఞ యీయనక్కఱలేదు. ఒక కండరమునకు ఉత్తేజము పంపు క్షణముననే దాని ప్రతిపక్షమునకు నిరోధము పంపు అమరిక వెన్నుపాములోనే కలదని నిరూపించిన మహనీయుడు ఆంగ్లేయుడైన చార్లెస్ షెరింగ్టన్. 1906లో వెలువడిన యాతని గ్రంథము నాడీశాస్త్రమునకు పునాదిరాయి యయ్యెను, 1932లో నోబెల్ బహుమాన మాతని వరించెను.

ఈ ఉత్తేజ నిరోధముల వార్తలు నాడులలో నడచు తీరు విచిత్రము. నాడీకణపు పొరకు వెలుపల సోడియము హెచ్చు, లోపల పొటాషియము హెచ్చు. పొరలోని సూక్ష్మద్వారములు తెఱచుకొని సోడియము లోనికి చొచ్చినంతనే అచటి విద్యుత్ స్థితి తాఱుమాఱగును. ఆ తాఱుమాఱు ప్రక్కభాగమునకు, అందుండి ఆవలిభాగమునకు ప్రాకిపోవును. కొవ్వుపొర చుట్టుకొన్న లావు తంతువులలో నీ వార్త సెకనునకు నూఱు మీటర్లకు మించియు పరుగెత్తును. నొప్పిని మోయు మిక్కిలి సన్నని తంతువులలో ఒక మీటరు చొప్పున నడచును. బొటనవ్రేలు చెక్కకు కొట్టుకొన్నపుడు తగిలిన సంగతి ముందును, మంట తరువాతను తెలియుట యిందువలననే.

ఇక చేతుల సంగతి. గద్వాల చీరలో నడిమి నూలునకు నొక నాడె, ఇరువైపుల పట్టంచులకు వేఱు నాడెలు నడచును. నూలును పట్టును కలిసికొను చోట ప్రతివరుసలోను ఒక పోగు మఱియొక పోగును పెనవేసికొనవలెను. కంటితో చూచి చేయి కదలించుటకు సెకనులో నించుమించు ఐదవవంతు పట్టును. ప్రతి కదలికకు చూపుకొఱకు వేచియున్నచో నేత సాగదు. కావున చేయి ముందుగనే సిద్ధముగా నుండవలెను. రాబోవుదాని నూహించి, ఊహకును జరిగినదానికిని గల తేడాను కొలిచి, మఱుసటి కదలికను సవరించునది చిన్నమెదడు. 2009లో బ్రెజిలు శాస్త్రజ్ఞులు లెక్కించిన ప్రకారము మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములుండగా, అందులో 6,900 కోట్లు తలవెనుక భాగముననున్న యీ చిన్న యవయవములోనే యున్నవి.

ఎట్లు నేయుచున్నావని యడిగినచో సిద్ధహస్తుడైన నేతగాడు మాటలు వెదకికొనుట సహజము. అది యెందులకో ఒక రోగి కథ తెలుపును. 1953లో అమెరికాలో మూర్ఛరోగమునకై మెదడుకు శస్త్రచికిత్స పొందిన యొక యువకుడు క్రొత్త జ్ఞాపకములను నిలుపుకొను శక్తిని కోల్పోయెను. బ్రెండా మిల్నర్ అను శాస్త్రజ్ఞురాలు అద్దములో చూచుచు నక్షత్రపు బొమ్మను గీయుట నాతనికి నేర్పెను. దినదినమునకు చేయి మెఱుగుపడెను. ఆ పని నెన్నడును చేసి యెఱుగనని మాత్ర మాతడు చెప్పుచుండెను. చెప్పగలిగిన జ్ఞానమునకును చేయగలిగిన జ్ఞానమునకును మెదడులో నివాసములు వేఱని యిందువలన తేలెను. మగ్గము ప్రక్కనే పెరిగిన బిడ్డకు తండ్రినుండి సంక్రమించునది ఈ రెండవ జ్ఞానము. ఒక మగ్గము మూతపడినపుడు నశించునది గ్రంథముల నుండి తిరిగి రాదు. అందుకే నాకు దుఃఖము.

ఇదే నాడీమండలము బాధను గూడ మోయును. నొప్పి దీర్ఘకాలము ఆగక వచ్చుచుండిన వెన్నుపాములోని కణములు మితిమీరి చుఱుకెక్కి, స్వల్పస్పర్శనే బాధగా తలకు చేర్చును. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతమునకు చెందిన చింతకింది మల్లేశము తల్లి లక్ష్మి, చీరకు వేలసార్లు చేయి త్రిప్పి పోగును మేకులకు చుట్టుచు, అనగా ఆసుపోయుచు, భుజపునొప్పితో కుమిలినది. కుమారుడు ఏండ్లతరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును సిద్ధపఱచి దానికి తల్లిపేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ నందుకొనెను. గుంతమగ్గమున గంటలకొలది వంగి కూర్చుండుటచే నడుమునకు, మణికట్టునకు కలుగు నొప్పులను ఆ కుమారునివలె శ్రద్ధతో విను వైద్యులు, యంత్రనిపుణులు కొత్తకోట మగ్గముల చెంతకును రావలెను.