మూడు సర్వరులకు ఒకే చిరునామా

పరీక్షా ఫలితములు వెలువడు దినమున వేలకొలది విద్యార్థులు ఒకే నిమిషమున తమ నంబరులను పంపి సమాధానమునకై వేచియుందురు. ఇంత భారమును ఒక్క సర్వరు మోయజాలదు. కనుక మూడింటిని నిలిపి పనిని పంచుదురు. అట్టిచోట ఒకప్పుడు చిత్రమైన చిక్కు కలుగును. కొందరికి ఫలితము వెంటనే కనబడును. తక్కినవారికి ఎన్ని మార్లు ప్రయత్నించినను రాదు. సర్వరులను పరీక్షించినచో మూడును ఆరోగ్యముగనే యున్నవి! కారణమేమి?

ముందుగా స్విచ్చిని గురించి తెలిసికొనవలెను. ఇది గోడకుండు విద్యుత్ స్విచ్చి కాదు. యంత్రముల నడుమ జాబులను చేరవేయు పరికరము. వచ్చిన ప్రతి జాబుపై పంపినవారి మ్యాక్ చిరునామాను చూచి, అది ఏ ద్వారమున నున్నదో గుర్తుంచుకొనును. తానెరుగని చిరునామాకు జాబు వచ్చినచో దండోరా వేసినట్లు అన్ని ద్వారములకును పంపును.

మైక్రోసాఫ్ట్ వారి విండోస్ సర్వరులోని భారవిభజన, యూనికాస్ట్ అను పద్ధతిలో, ఈ దండోరాపైననే ఆధారపడియున్నది. సర్వరులన్నింటికిని 02-బిఎఫ్‌తో మొదలగు ఒకే చిరునామా నిత్తురు. అయితే బయటికి జాబు వ్రాయునపుడు ఏ సర్వరును దానిని వాడదు. బిఎఫ్ స్థానమున తన వరుససంఖ్యను వేసికొనును. అందుచే స్విచ్చి ఉమ్మడి చిరునామాను ఎన్నడును నేర్వదు. ప్రతి జాబును మూడు సర్వరులకును అందును. అడిగినవారి చిరునామాను బట్టి లెక్కవేసి, తన వంతైనచో ఒక సర్వరు జవాబిచ్చును. తక్కిన రెండును దానిని పారవేయును. మూడుతో భాగించి శేషమును బట్టి పంచుకొన్నట్లనుకొనుడు. అసలు లెక్క ఇంతకంటె జటిలము.

ఇక మిథ్యా సర్వరులు. ఒకే యంత్రములో సాఫ్ట్‌వేరు చేత అనేక సర్వరులను కల్పించుటకు ఈ పేరు. (దర్పణములోని మిథ్యా ప్రతిబింబము తెరపై పడదు గాని, ఇవి నిజముగనే పనిచేయును!) ఇట్టి సర్వరును ప్రారంభించినప్పుడును, వేరొక యంత్రమునకు మార్చినప్పుడును, విఎమ్‌వేర్ వ్యవస్థ ఆ సర్వరు తరఫున స్విచ్చికి ఒక కబురు పంపును: “ఈ చిరునామా ఇక ఇచ్చట నున్నది.” సామాన్యముగ ఇది ఉపకారమే. ఇక్కడ మాత్రము దాచిన గుట్టు బయటపడును. స్విచ్చి దండోరా మాని, జాబులన్నింటిని ఆ ఒక్క ద్వారముననే పంపును. అచ్చటి సర్వరు తన వంతు మాత్రము చూచి మిగిలినవి పారవేయును. రెండు వంతుల విద్యార్థులకు జవాబు లేదు.

మరి సర్వరులు ఒకదాని లోపము నొకటి కనిపెట్టవా? అవి సెకనుకొక మారు క్షేమవార్తలు పంపుకొనును; వరుసగా అయిదు రాకున్న సహచరుడు పోయెనని భావించును. కాని ఈ వార్తలు అందరికిని వెళ్ళు ప్రసారములు. వాటికి అడ్డంకి లేదు.

ఈ లోపము నిలకడగ నుండదు. చాల స్విచ్చిలు 5 నిమిషములలో పాత గుర్తును మరచును. అంతట దండోరా మరల మొదలై అంతయు చక్కబడును. మనము చేసిన మరమ్మతే ఫలించెనని భ్రమపడుట కద్దు. కావున ఏదైన సర్వరును మార్చిన లేక పునఃప్రారంభించిన వేళకును, జవాబులు నిలిచిన వేళకును సంబంధమున్నదేమో ముందు చూడవలెను. పిమ్మట స్విచ్చి పట్టికలో 02-బిఎఫ్ చిరునామా కనబడుచున్నదేమో వెదకవలెను. కనబడినచో దోషము దొరకినట్లే.

విఎమ్‌వేర్‌లో స్విచ్చికి కబురు పంపు ఏర్పాటును ఆపివేయుట ఒక ఉపాయము. మల్టీకాస్ట్ పద్ధతికి మారుట మరియొకటి. నా అభిప్రాయమున ఇదియే మేలు. అయితే కొన్ని రౌటరులు అట్టి చిరునామాను నమ్మవు; వాటిలో దానిని చేతితో నమోదు చేయవలసియుండును.