బెల్లం ముక్కా, జిట్రేగి దుమ్మూ

మా మేనల్లుడికి ఈ మధ్య కత్తి పిడుల పిచ్చి పట్టింది. వంటింటి కత్తులకున్న ప్లాస్టిక్ పిడులు ఊడబెరికి, పాత మంచం కోళ్ల నుంచి కోసిన జిట్రేగి చెక్కలు రెండు వైపులా అతికిస్తాడు. ఇత్తడి రివిట్లు దిగ్గొట్టి, అద్దంలా నున్నగా చేసి ఇస్తాడు. నిజం చెప్పొద్దూ, చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు. మొన్న ఆదివారం వెళ్లేసరికి కనురెప్పలు ఉబ్బి, మణికట్ల చుట్టూ దద్దుర్లు లేచి ఉన్నాయి. రాత్రిళ్లు ఆయాసం కూడానట. బాల్కనీలో గ్రైండర్, దాని పక్కన గిన్నెలో బెల్లం.

"పనయ్యాక ఓ ముక్క నోట్లో వేసుకుంటే దుమ్మంతా కడుక్కుపోతుంది మామయ్యా. అయినా ఇది కర్రేగా, సిమెంటు కాదుగా!" అన్నాడు. అవతల తీగ మీద ఆరేసిన పాప గౌన్లకి ఊదారంగు పొడి పట్టి ఉంది.

ఈ బెల్లం వైద్యం మా వాడు కనిపెట్టింది కాదు. మిల్లుల్లో, క్వారీల్లో, సిమెంటు పనుల్లో తరతరాలుగా ఉన్నదే. ఇప్పుడు ఫోన్లో వీడియోల ద్వారా అపార్టుమెంటు బాల్కనీల దాకా ఎక్కింది. మింగిన బెల్లం అన్నవాహికలో దిగుతుంది, పీల్చిన దుమ్ము శ్వాసనాళంలో దిగుతుంది. ఈ రెండు దారులూ కిందెక్కడా కలవవు. గొంతులో గరగర తగ్గితే ఊపిరితిత్తులు శుభ్రపడ్డట్టు కాదు, నోరు తీపయినట్టు, అంతే.

ఇక్కడ ఒకటి ఒప్పుకోక తప్పదు. బెల్లం మాట పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. లక్నోలోని పారిశ్రామిక విషపదార్థాల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగం 1994లో అచ్చయింది. బెల్లం తిన్న ఎలుకల్లో బొగ్గు రేణువులు ఊపిరితిత్తుల నుంచి ఎక్కువగా కదిలాయి. కదిలి ఎక్కడికి వెళ్లాయి? పక్కనున్న లింఫ్ గ్రంథుల్లోకి. బయటికి కాదు. పైగా అది బొగ్గు, రాతి ధూళి సంగతి. జిట్రేగి ఊసే అందులో లేదు. ఎలుకల మీద జరిగిన ఒక ప్రయోగాన్ని పట్టుకుని మాస్కు మానేసేవాళ్లకి నమస్కారం.

ఇక "కర్రేగా" అన్న మాట. సహజమైనదల్లా మంచిదే అయితే దురదగొండి ఆకుతో ఒళ్లు తుడుచుకోవచ్చు. జిట్రేగి కర్రని పురుగు, శిలీంధ్రం త్వరగా ముట్టవు, ఎందుకంటే చెట్టు తన రక్షణకి కొన్ని రసాయనాలు పెట్టుకుంది. వాటిలో డాల్బెర్జియోన్లు అనేవి మన చర్మానికి పడవు. టేకులోనూ ఇలాంటివి ఉన్నాయి. మొదటి రోజే ఏమీ కాదు, అసలు చిక్కంతా అక్కడే. పది పిడులు చేసేదాకా ఒళ్లు ఊరుకుంటుంది, పదకొండోదానికి ఎదురు తిరుగుతుంది. ఒకసారి తిరిగాక చిటికెడు పొడి చాలు.

పెద్ద జబ్బు సంగతీ చెప్పుకోవాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కర్ర ధూళిని మనుషులకి క్యాన్సర్ తెచ్చే మొదటి వర్గంలో పెట్టింది. 1960ల్లో ఇంగ్లండ్‌లో కుర్చీలకి పేరుపడ్డ హై వికూంబ్ ప్రాంతపు పనివాళ్లలో ముక్కు లోపల అరుదైన క్యాన్సర్లు ఎక్కువగా కనపడటంతో ఈ చర్చ ఊపందుకుంది. వాళ్లు ఏళ్ల తరబడి రోజంతా ఆ దుమ్ములోనే ఉన్నవాళ్లు. ఆదివారం రెండు గంటలు పనిచేసేవాడు దాన్ని తలుచుకుని నిద్ర మానుకోనక్కర్లేదు. వాడికి దగ్గర్లో ఉన్న ముప్పు ఆయాసం, దద్దుర్లు. అవి మాత్రం వచ్చే నెలే రావచ్చు.

"మా తాతలు పట్టలేదా ఈ కర్ర?" అంటారు. పట్టారు. బాడిసెతో చెక్కారు, చిత్రిక పట్టారు, ఆకురాయితో రాశారు, అదీ వేపచెట్టు కింద కూర్చుని. వాటి నుంచి రాలేది పెచ్చులు, చుట్టలు, ముతక పొట్టు. నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరిగే గ్రైండర్ కింద అదే కర్ర పిండి కన్నా మెత్తనవుతుంది. కంటికి కనపడి నేలకి దిగే పొడితో కాదు భయం, కనపడకుండా గంటల తరబడి గాలిలో తేలే పొడితోనే. నాలుగు మడతల తువ్వాలు దాన్ని ఆపదు, బుగ్గల పక్క ఖాళీ వదిలే సర్జికల్ మాస్కూ ఆపదు. తలకి రెండు పట్టీలతో ముఖానికి అంటుకునే ఎన్95 కావాలి. గడ్డం ఉంటే అదీ సరిగా అంటదు. ఫ్యాషన్ గడ్డమా, ఫ్యాషన్ కత్తా, ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ఆ మాస్కయినా మిమ్మల్నే కాపాడుతుంది, పాప గౌన్లని కాదు. అందుకే ముందు పొడి పుట్టకుండా చూసుకోండి. ఆకారం వచ్చేదాకా ఆకురాయి చాలు. చివరి నునుపు గరుకు కాగితాన్ని నూనెలో తడిపి చేత్తో రుద్దితే పొడి లేవదు, బురదలా కాగితానికే అంటుకుంటుంది. మిషను తప్పదంటే వాక్యూమ్ గొట్టం దాని పక్కనే బిగించండి. తలమీద సీలింగ్ ఫ్యాన్ తిప్పితే దుమ్ము పోదు, ఇల్లంతా పంచుతుంది. తర్వాత చీపురు కాదు, తడిగుడ్డ.

మిగతా నమ్మకాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గుడ్డ గ్లౌజులు వేసుకుంటే చెయ్యి భద్రమంటారు. తిరిగే మిషను ముందు అవే చేతిని లోపలికి లాగుతాయి. అడవిలో రాలిన జింక కొమ్ము ఎవరిదీ కాదంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని అడగండి. మైకార్టా, ఫైబర్‌గ్లాస్ పలకలు కర్ర కావు కనక మంచివంటారు. వాటి పొడి ఇంకా గరుకు. అవిసె నూనె తుడిచిన గుడ్డ ఉండచుట్టి మూల పడేస్తే ఏం కాదంటారు. ఆరేటప్పుడు వేడి పుట్టి దానంతటదే అంటుకుంటుంది, దాన్ని విప్పి ఆరుబయట తీగ మీద వెయ్యండి. రెండు ట్యూబుల జిగురు వేలితో కలపడం గురించి నన్ను అడక్కండి, పుల్ల ఎందుకుంది?

లక్కతో బిగించిన పిడి ఊడదనే పెద్దల మాట సగం నిజం. పట్టు బాగుంటుంది, పిడి విరిగితే కాల్చి మార్చుకోవచ్చు. కత్తిని వేడినీళ్లలో నానబెట్టే ఇంట్లో మాత్రం నిలవదు.

మా వాడు గ్రైండర్ మూలన పెట్టి ఆకురాయి పట్టాడు. కర్ర తుమ్మకి మార్చాడు. దద్దుర్లు మళ్లీ లేస్తే అదీ మానాల్సిందే. చూస్తుండగా ఇంకో సంగతి కంటబడింది. పిడి రుద్దుతున్నంతసేపూ పదును పెట్టిన అలుగు బయటికే ఉంది. ముందు పిడి చెయ్యాలి, పదును ఆఖర్న పెట్టాలి. ఇంతకుముందే పదునున్న కత్తయితే అలుగుకి అట్టముక్క మడిచి, పైన టేపు మూడు చుట్లు చుట్టాలి. వాడి ఎడమ బొటనవేలికున్న కట్టు గురించి నేనేమీ అడగలేదు.